అత్తమ్మకు చదివి వినిపించని పేజీలు

డిటెక్టివ్ నవల చేతికి రాగానే చివరి పేజీ తిప్పి చూసేవాళ్లంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మంట. అంత తొందరైతే పోలీసు ఉద్యోగంలో చేరొచ్చు కదా! రెండొందల పేజీల పాటు రచయిత చెమటోడ్చి దాచిపెట్టిన మనిషిని వీళ్లు ఒక్క క్షణంలో బయటికి లాగేస్తారు. పైగా "నాకు ముందే తెలుసు" అని కోతలు కోస్తారు. సరే, ఒకరిని అనేముందు నా సంగతి కూడా చెప్పుకోవాలి. పద్నాలుగేళ్ల వయసులో నేను ఒక నవలకు అంతకంటే పెద్ద ద్రోహమే చేశాను.

అవి డెబ్బైల చివరి రోజులు. వరంగల్ కొత్తవాడలో మాది జంపఖానాలు నేసే ఇల్లు. ముందు గదిలో నాన్న మగ్గం. వెనక పొడుగాటి వసారాలో ఆడవాళ్లు రాట్నాలు ముందేసుకుని నూలును కండెలకు చుట్టేవాళ్లు. ఆడవాళ్లంటే ముగ్గురు: మా అమ్మ, పక్కింటి వదిన, మా మేనత్త. వదిన కాజీపేట రైల్వే క్వార్టర్లలో పెరిగి, పెళ్లయి మా గల్లీకి వచ్చింది. నాలుగో తరగతి దాకా చదువుకుంది. ప్రతిదానికీ పకపకా నవ్వేది.

అత్తమ్మ నాన్నకు పెద్దక్క. పదిహేనేళ్లకే భర్త పోయి పుట్టింటికి తిరిగొచ్చింది. నాకు జ్ఞానం వచ్చేసరికి ఇల్లంతా ఆమె చేతిలోనే ఉంది. ఏ నూలుకు ఏ రంగు వేయాలి, ఏ పిల్లకు ఏ సంబంధం చూడాలి, ఏ పూట ఏ కూర వండాలి, అన్నీ ఆమె చెప్పినట్టే జరిగేవి. నాన్న కూడా ఆమె ముందు గొంతెత్తేవాడు కాదు. అక్షరం ముక్క రాకపోయినా ఎదుటి మనిషి అబద్ధం చెప్తే ఇట్టే పట్టేసేది. నవలలంటే ఆమెకు అస్సలు పడేది కాదు. హనుమకొండలో ఉండే మా దూరపు చుట్టాల పిల్ల నవలలు చదివి చదివి పదో తరగతి తప్పిందనీ, అడిగితే "నా జీవితం నా ఇష్టం" అందనీ ఆమె దగ్గర పక్కా సమాచారం ఉండేది.

అలాంటి ఇంట్లో ఒక ఆదివారం నేను చుట్టగట్టిన నూలు చిలపల గుట్ట వెనక నక్కి, బడిలో స్నేహితురాలి దగ్గర తెచ్చుకున్న డిటెక్టివ్ నవల చదువుకుంటూ దొరికిపోయాను. అట్ట మీద ఒక అమ్మాయి కెవ్వున అరుస్తోంది. ఆమె వెనక చేతితొడుగు వేసుకున్న చెయ్యి, ఆ చేతిలో కత్తి.

"ఏందే గది?" అంది అత్తమ్మ.

"బుక్కు అత్తమ్మా."

"బుక్కని కనవడుతనే ఉన్నది. గా పిల్ల ఎందుకట్ల మొత్తుకుంటాంది? దానికేమైంది?"

"తెల్వదు. ఇంకా అంత దూరం చదవలే."

"అయితే గట్టిగ చదువు. నేను ఇంట. మంచిదో చెడ్డదో నేను చెప్త."

నిలబడే చదివాను. ఏడో పేజీలో కథానాయకుడు ఒక అమ్మాయి కళ్లలోకి తదేకంగా చూడటం మొదలుపెట్టాడు. ఆ పేరా మొత్తం ఎగిరి దాటేశాను. ఎవరూ గమనించలేదు. ఎనిమిదో పేజీలో శవం పడింది. అమ్మ "ఓ అవ్వా!" అని రాట్నం ఆపింది. పొద్దుగూకే సరికి ముగ్గురి మీద అనుమానం వచ్చింది. అన్నం ఎసరు పెట్టడానికి అమ్మ లేవబోతే అత్తమ్మే కసిరింది. "కూసోవే, గా తలుపు ఎవలు కొట్టిండ్రో తెల్వనియ్యి." ఆ ఆదివారం మా ఇంట్లో అన్నం చాలా ఆలస్యంగా ఉడికింది.

పుస్తకం ముగిశాక అత్తమ్మ తీర్పు చెప్పింది. "బాగనే ఉన్నది. ముచ్చట ఇంటాంటే చెయ్యి గూడ జల్ది ఆడుతాంది. ఇంకోటి తే. కని ఒక్కటి ఇను. ఒక్క పాడు ముచ్చట నా చెవుల వడ్డదో, బుక్కు పొయ్యిల వడ్తది. ఇగ జిందగీల నీకు నవల బంద్. సమజైందా?"

సమజైంది. బాగా సమజైంది. ఆ రోజుల్లో నాకు నవల లేని జీవితం అంటే ఉప్పు లేని పప్పు. పుస్తకాలు పోతే నాకు మిగిలేది ఆ రాట్నం, ఆ నూలు, ఆ నాలుగు గోడలు. అందుకే ఏం చేసైనా సరే, పాడు ముచ్చట అత్తమ్మ చెవిన పడనివ్వకూడదని ఒట్టేసుకున్నాను.

చిక్కేమిటంటే, ముందుగా చదివిపెట్టుకునే వీలు లేదు. రెండో పుస్తకం నేను ముందే చదివేశాను. వంటవాడి పేరు రాగానే నా ముఖం వెలిగిపోయిందట, అత్తమ్మ వెంటనే "గాడే!" అంది. గాడే! అప్పటినుంచి కొత్త పుస్తకం రాగానే నూలు పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకునేది. చదివేటప్పుడే బయటికి తీసేది. ఆరోజుకు చదవడం కాగానే మళ్లీ పెట్టెలోకే. అందరూ ఒక్కసారే వినాలి, అది ఆమె న్యాయం.

దాంతో నాకు ఒక విద్య అబ్బింది. నోరు ఒక వాక్యం చదువుతుంటే కళ్లు నాలుగు వాక్యాల ముందు పరుగెత్తేవి. వెన్నెల కనిపిస్తే ప్రమాదం. మల్లెలు కనిపిస్తే పెద్ద ప్రమాదం. ఎవరి పెదవులైనా వణికాయంటే ఇక ఆలోచించకుండా పేజీ తిప్పేయాలి. మధ్యలో ఖాళీ వస్తే అనుమానం రాకుండా ఏదో ఒకటి అతికించాలి కదా, "ఇద్దరూ కూర్చుని చాయ్ తాగారు" అని చదివేదాన్ని. చాయ్ మీద ఎవరికీ అభ్యంతరం ఉండదు. ఒకసారి వదిన మాత్రం ఓరగా చూసి, "రెండు పేజీలు ఒక్కపారే తిప్పినవేందే?" అంది. అంటుకుపోయాయన్నాను. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని కిసుక్కుమంది.

మరి ఆ వదిలేసిన పేజీలు? అవి నా సొంత ఆస్తి! ఆ మొదటి పుస్తకం తర్వాత నవలలన్నీ చౌరస్తాలోని అద్దె పుస్తకాల కొట్టులోనే తెచ్చేదాన్ని. పుస్తకం అయిపోయిన మర్నాడు తిరిగివ్వడానికి వెళ్లేదాన్ని కదా, ఇంటినుంచి కొట్టు దాకా నడుస్తూ ఆ పేజీలే చదువుకునేదాన్ని. ఎంత సంతోషమో చెప్పలేను. ఒకసారి బర్రెను గుద్దుకున్నాను. ఒకసారి రిక్షా ఆయన "కండ్లు నెత్తికెక్కినయా పోరీ?" అని తిట్టాడు. పట్టించుకుంటే ఒట్టు.

ఆ పుస్తకాల లోకమే వేరు. ఆ మనుషులు బంగళాల్లో ఉంటారు, ఇంట్లో కూడా చెప్పులతో తిరుగుతారు, పొద్దున లేవగానే ఉత్తరాలు చింపి చదువుతారు. ఒక్కరికైనా రేషన్ షాపు ముందు నిలబడే పని ఉండదు. జేబు రుమాలు పారేసుకోవడమే వాళ్లకు పెద్ద పని. ఏ హత్య జరిగినా అక్కడొక రుమాలు దొరికేది. మా ఇంట్లో రుమాలు అనేదే లేదు, అందరం కొంగుకో తువ్వాలకో తుడుచుకునేవాళ్లం. "మనింట్ల ఖూనీ అయితే పోలీసోళ్లకు ఏం దొరుకుతది?" అని అమ్మ నిజంగానే దిగులుపడింది. కుటుంబ నవలలు కూడా రెండు మూడు తెచ్చాను, అవి అత్తమ్మకు నచ్చలేదు. నాయిక అరవై పేజీలు ఏడ్చేసరికి ఆమెకు విసుగొచ్చింది. "గంత ఏడ్సుడెందుకు, లేసి పని చేసుకోరాదు!" అంది. నాదీ అదే మాట. ఏడవడానికి నాకు లెక్కల పరీక్షే చాలు.

హంతకుణ్ని పట్టుకోవడంలో ఒక్కొక్కరిదీ ఒక్కో పద్ధతి. అమ్మ ఎప్పుడూ వంటవాణ్ని అనుమానించేది, వంటింట్లో మగాడికేం పని అని. వదిన అందగాళ్లను అనుమానించేది. అత్తమ్మ మాత్రం మనిషి మాటలు వినేది. ఎవరు అడగకుండానే ఎక్కువ చెప్తున్నారు, ఎవరు చెప్పిందే చెప్తున్నారు, ఎవరి దెబ్బకు కారణం సరిగా లేదు, ఇవన్నీ నూలు చుడుతూనే మనసులో పెట్టుకునేది. పది పుస్తకాల్లో ఎనిమిదింట్లో డిటెక్టివ్ కంటే ముందే దొంగను పట్టేసింది. పట్టిన రోజు ఆమె సంబరం చూడాలి! పిలిచి మరీ నా నోట్లో బెల్లం ముక్క పెట్టేది.

ఇంత సాఫీగా సాగుతున్న నా బండి తొమ్మిదో తరగతి ఎండాకాలం సెలవుల్లో బోల్తా కొట్టింది. ఆ నవలలో ఒక కొండ మీద బంగళా. అందులో ఒక ముసలి జమీందారు, ఆయన కూతురు, మేనేజరు, ఇంటి డాక్టరు, వంటవాడు. జమీందారును ఎవరో పొడిచి చంపి, కిటికీ అద్దం పగలగొట్టి పారిపోతారు. ఐదు మధ్యాహ్నాలు చదివాను. కూతురు మాటిమాటికీ తోటలోకి వెళ్లేది. తోటలో ఎప్పుడూ వెన్నెలే. నేను ఎప్పటిలాగే దాటేసి, ఆమెతో చాయ్ తాగించి, మళ్లీ బంగళాలోకి తీసుకొచ్చేదాన్ని. అమ్మ ఉన్న ఒక్క వంటవాణ్ని పట్టుకుంది. వదిన డాక్టరన్నది. అత్తమ్మ మాత్రం ఎటూ తేల్చుకోలేక సతమతమైంది. "ఇండ్ల ఎవలూ దొంగలెక్క అనిపిస్తలేరు. ఏదో తక్కువైతాంది," అని గొణుక్కునేది.

ఆఖరి మధ్యాహ్నం. బయట ఎండ భగ్గుమంటోంది. కిటికీకి వట్టివేళ్ల తడక, దాని మీద చల్లిన నీళ్ల వాసన. డిటెక్టివ్ అందరినీ హాల్లో కూర్చోబెట్టాడు. ఒక్కొక్కరి ముందూ ఆగుతున్నాడు. ముగ్గురి రాట్నాలూ నెమ్మదించాయి. నేను చదివాను: "హంతకుడు మరెవరో కాదు. ఇదిగో, ఈ చిత్రకారుడే!"

అమ్మ, వదిన ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

"ఏ చిత్రకారుడు?" అంది అత్తమ్మ.

నాకూ అదే ప్రశ్న. ఏ చిత్రకారుడు? ఎక్కడినుంచి ఊడిపడ్డాడు?

"బొమ్మలేసెటోడా?" అంది అమ్మ. "గాడెప్పుడచ్చిండే బంగ్లకు?"

దాటేసిన పేజీలు గబగబా వెనక్కి తిప్పి చూశాను. నెమ్మదిగా అర్థమైంది. ఆ చిత్రకారుడు జమీందారు కూతుర్ని ప్రేమించినవాడు. ఈ హాలుకు ముందు మూడేమూడు సార్లు కనిపిస్తాడు, మూడు సార్లూ తోటలోనే. నేను హంతకుణ్నే నవలలోంచి పీకేశాను! ఐదు రోజులుగా ముగ్గురు మనుషులు లేని దొంగ కోసం వెతుక్కుంటున్నారు.

గత్యంతరం లేక తర్వాతి వాక్యం చదివాను. "ఆ రాత్రి తోటలో నువ్వు ఆమె జడలో పూలు తురిమినప్పుడు నీ అరచేతికి కట్టు ఉంది. అది పగిలిన అద్దం కోసిన గాయం!"

"పూలు ఎప్పుడు పెట్టిండే? కట్టు ఎక్కడున్నది?" అత్తమ్మ గొంతు లేచింది. "మనం ఇనలే! ఏమే, మీరిన్నరా?"

అమ్మ తల అడ్డంగా ఊపింది. వదిన ముఖం మోకాళ్ల మధ్య దాచుకుని ఊగిపోతోంది. ఏడుపు కాదు, నవ్వు.

అత్తమ్మ రాట్నం పక్కకు జరిపి లేచి నిలబడింది. "గా కొట్టోడు పేజీలు చింపిన బుక్కు ఇచ్చిండు! ఐదు రోజుల సంది నా బుర్ర ఖరాబు చేసిండు. పా పిల్లా, నడువు. వాని సంగతి చెప్త." చెప్పులు కూడా వేసుకుంది. ఆ కొట్టాయన పాపం పువ్వులాంటి మనిషి, పెద్దగా మాట్లాడటం కూడా రాదు. అత్తమ్మ చౌరస్తాలో ఆయన్ను కడిగేస్తే? ఆయన పుస్తకం తెరిచి, ఇవిగోనమ్మా పేజీలన్నీ ఉన్నాయంటే? పేజీలు అంటుకున్నాయనీ, అచ్చులో తప్పనీ నాలుగు అబద్ధాలు నాలుక దాకా వచ్చాయి. ఆమె ముఖం చూశాక ఒక్కటీ బయటికి రాలేదు.

"పేజీలు చినగలే అత్తమ్మా. నేనే ఇడ్సిపెట్టిన."

"ఎందుకు?"

"పాడు ముచ్చట్లు ఉన్నయని."

వాకిట్లోకి దిగిన ఆమె వెనక్కి తిరిగింది. నాకు ఏడుపొచ్చేసింది. అయిపోయింది, నా నవలలన్నీ పొయ్యిలో పడ్డట్టే అనుకున్నాను. ఆమె చెప్పులు విడిచి, వచ్చి రాట్నం ముందు కూర్చుంది.

"గయి తియ్యి. చదువు."

"అత్తమ్మా..."

"చదువుమంటే చదువు!"

మొదటి తోట పేజీ తీశాను. సిగ్గుతో వెన్నెల గురించి సగం నోట్లోనే చదువుతుంటే, ముందు గదిలో మగ్గం ఆగిపోయి నాన్న గొంతు వినిపించింది. "జర గట్టిగ చదువు బిడ్డా, ఇటు ఇనవడుతలేదు!"

ఇన్నాళ్లూ నాన్న కూడా వింటున్నాడన్నమాట! వదిన ఇక ఆపుకోలేక నేలమీద పడి నవ్వింది. నేను కళ్లు మూసినంత పని చేసి గట్టిగా చదివాను. అతను ఆమె జడలో పూలు తురిమాడు. ఆమె అతని అరచేతిలో బుగ్గ ఆనించింది. కట్టు తగిలి, ఏమైందని అడిగింది. ఏమీ లేదు, నీ బొమ్మకు చట్రం బిగిస్తుంటే గీసుకుందన్నాడు. పొద్దంతా ఏం తిన్నావు, ముఖం అలా వాడిపోయిందేం అని అడిగాడు. ఆమె అతని గుండె మీద తల వాల్చింది. ఆ మాట చదివేసరికి ముందు గదిలో నాన్నకు నేనేం చదువుతున్నానో తెలిసినట్టుంది, మగ్గం దడదడమంటూ ఎన్నడూ లేనంత వేగంగా మొదలైంది.

"ఇంతేనా?" అంది అత్తమ్మ.

"ఇంతే."

"నీ జిమ్మడ! గా కట్టు ముచ్చట చెప్పి ఉంటే నేను అప్పుడే పట్టుకుందును గాడిని! చట్రం బిగిస్తే అరచెయ్యి ఎట్ల కోసుకుంటదే? నా దొంగను నాకు దొరకకుంట చేసినవు గదనే!" నిజంగానే కోపం. నవల చెడ్డదని కాదు, ఆధారం దాచేశానని. "మిగతా బుక్కులల్ల గూడ ఇట్లనే మింగినవా?" అంది.

తల ఊపాను.

"గందుకేనా, గా మనుషులు ఊకె చాయ్ తాగుడు!"

ఈసారి అమ్మ కూడా నవ్వింది. అత్తమ్మ నవ్వలేదు. చిలప లోంచి దారప్పోగు లాగి వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ కూర్చుంది. తర్వాత మెల్లగా అడిగింది. "మల్ల చదువు. పొద్దంతా ఏం తిన్నవని అడిగిండే, గక్కడ."

చదివాను.

"నా పెండ్లయినంక ఏడాది కూడ బతకలే గా మనిషి," అంది. ఆయన గురించి ఆమె నోట నేను ఏనాడూ వినలేదు. "నాతోని ఏం మాట్లాడిండో ఒక్క ముక్క యాదికి లేదు. మాట్లాడిండో లేదో గూడ తెల్వదు. మొగోడు ఆడిదాన్ని గిట్ల అడుగుతడని నాకు ఎవ్వలు చెప్పలేదు బిడ్డా. నీ చేతుల బుక్కుంటే, నువ్వు గూడ చెప్పకపోతివి."

నాకు దుఃఖం ఆగలేదు. పాడు ముచ్చటలని నేను రెండేళ్లుగా ఆమెకు దాచి, వీధిలో నడుస్తూ నేనొక్కదాన్నే తిన్నది ఇదా! వెళ్లి ఆమె ఒళ్లో తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చాను. ఆమె నా వీపు మీద రెండు చరిచింది. "ఊకో, ఊకో. ఎవలన్న సచ్చిండ్రా? లే. రేపు పొయ్యి పాత బుక్కులన్నీ మల్ల తే. ఒక్క అక్షరం ఇడ్సిపెట్టకుంట చదవాలె."

తెచ్చాను. కొట్టాయన వింతగా చూశాడు, చదివిన పుస్తకాలే మళ్లీ ఎందుకని. ఆ ఎండాకాలమంతా ఒక్కొక్కటే మొదటినుంచి చివరిదాకా చదివాను. దొంగ ఎవడో అందరికీ తెలుసు, అయినా ఎవరూ లేచి వెళ్లలేదు. హత్యలు జరుగుతుంటే, తుపాకులు పేలుతుంటే అత్తమ్మ చెయ్యి నూలు చుడుతూనే ఉండేది. ఆ ఇద్దరూ తోటలోకి వెళ్లగానే మాత్రం రాట్నం ఆపి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని వినేది.